క్షేత్రయ్య గోల్కొండ పదాలు: నిలిచిన మాతువు, అందని ధాతువు

గోల్కొండ పాదుషాకు 1,500 పదాలు చెప్పినట్లు క్షేత్రయ్య ‘మేరువ పదం’లో పేర్కొన్నాడు. ఆ పాదుషా అబ్దుల్లా కుతుబ్ షా (1626-1672) అని సాహిత్య చరిత్రకారులు గుర్తించారు. ఆ పదాలు కోటలో వినిపించాయో, 1591లో మూసీకి దక్షిణాన వెలసిన పాతనగరంలో వినిపించాయో నిర్ణయించే ఆధారం పదాలలో లేదు. నేడు లభించే క్షేత్రయ్య పదాలన్నీ కలిపినా కొన్ని వందలే. అంతకంటె పెద్ద లోటు సంగీతానిది. మాతువు నిలిచింది, ధాతువుకు సమకాలిక స్వరలిపి లేదు.

ప్రాచీన గ్రీకు సంగీతపు స్థితి ఇందుకు విపర్యయం. 1883లో వెలుగుచూసిన సైకిలోస్ సమాధిశిలపై సాహిత్యంతోపాటు స్వరసంకేతాలూ ఉన్నాయి. పాడే పరంపర మాత్రం తెగిపోయింది. క్షేత్రయ్య పదానికి పరంపర ఉంది. 1687లో గోల్కొండ పతనమైనా, దక్షిణాదిలో దేవదాసీల గళాలలో, తరువాత వీణ ధనమ్మాళ్ కుటుంబంలో పదం జీవించింది. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ (1904) కొన్ని పదాలను స్వరపరచి ముద్రించింది.

అయితే 1904 నాటి స్వరలిపి పరంపరకు సాక్ష్యమే గాని, పదిహేడవ శతాబ్ది కొలువు గానానికి ప్రతిలిపి కాదు. మాతువులోని ప్రాసస్థానాలు, చరణాంతం పల్లవిని అందుకొనే తీరు లయను, ఆవృత్తిని సూచించగలవు, రాగసంచారాన్ని సూచించలేవు. కాబట్టి పాఠసాక్ష్యాన్ని, గానసాక్ష్యాన్ని పరిష్కర్త వేరువేరుగా చూపాలి. ఆ రెంటినీ కలిపివేస్తే, పదాన్ని మూడు శతాబ్దాలు నిలిపిన గాయనుల సృజన క్షేత్రయ్య ఖాతాలో చేరి మరుగున పడుతుంది.