టీ గుక్క మింగడం

ఈ వారం చోడవరం బజార్లో పాత పరిచయస్తుడొకాయన ఎదురై, "టీ తాగుదాం రండి మేస్టారూ" అన్నాడు. మామూలు పిలుపే. కానీ పొగాకు పుండు ముదిరి సగం నాలుక తీసేస్తే, ఆ చోటును తన ముంజేతి చర్మంతో పూడ్పించుకున్న మనిషి పిలుపది. మాట కాస్త మొద్దుబారినా అంతా తెలిసింది. టీ పొలమారకుండా తాగాడు.

చేతిపని మీద నా మక్కువ ఈ కాలమ్ చదివేవారికి తెలిసిందే. ఇంత సన్నపు పని నేను మగ్గం మీద కూడా చూడలేదు. ముంజేతి చర్మాన్ని దాని ధమనితో, సిరతో సహా ఎత్తి, రెండు మూడు మిల్లీమీటర్ల ఆ నాళాలను మైక్రోస్కోపు కింద మెడలోని నాళాలకు కుడతారు. దారం వెంట్రుక కన్నా సన్నం. ఇలా నాళాలతో సహా ఎత్తి తెచ్చిన ముక్కను ఫ్లాప్ అంటారు. చైనా సర్జన్లు 1981లో ఈ ముంజేతి ఫ్లాప్‌ను లోకానికి తెలిపారు. దవడ ఎముక పోతే కాలి ఫిబ్యులా ఎముకను తెచ్చి అమరుస్తారు. ఆ తర్వాత రాత్రంతా నర్సు ఫ్లాప్ రంగు చూస్తూనే ఉండాలి. పాలిపోతే ధమనిలో అడ్డు, నల్లబడితే సిరలో అడ్డు. వెంటనే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లకపోతే ఫ్లాప్ దక్కదు.

ఇదే అన్నిటికన్నా గొప్ప వైద్యమని రాయబోతుంటే మా పెద్దమ్మ వరసావిడ గుర్తొచ్చింది. మా వైపు ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకుని నాట్లు వేసేవారు, పిల్లల్ని ఆడించేవారు. కూతుళ్లు తల్లుల్ని చూసి నేర్చుకునేవారు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికే. కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కు ఈ అలవాటే కారణమని రెడ్డి, రావు అనే వైద్యులు 1957లోనే రాశారు. పెద్దమ్మ అంగిలి కొంత తీసేశాక గంజి ముక్కులోంచి వచ్చేది. నలుగురిలో తినడం మానేసింది. చివరికి పళ్ల డాక్టరు ఆ రంధ్రానికి సరిపడా ఒక పలక చేసి పెట్టాడు. కుట్టు లేదు, మైక్రోస్కోపు లేదు. మళ్లీ పంక్తిలో కూర్చుని పప్పన్నం తింది. పైగా పలక తీసి చూస్తే క్యాన్సర్ తిరగబెట్టిందేమో డాక్టరుకు కంటికే తెలుస్తుంది.

గంటల తరబడి మత్తు తట్టుకోలేని వారికి ఛాతీ కండ ఫ్లాప్ ఉంది. 1979లో అరియన్ అనే సర్జన్ ప్రకటించిన పద్ధతి. కండను దాని రక్తనాళాలు తెంపకుండానే మెడ మీదుగా నోటికి చేరుస్తారు. దాన్ని తక్కువ రకం వైద్యమనడం అన్యాయం. రోగి ఏం తినగలుగుతున్నాడు, ఎలా మాట్లాడుతున్నాడు అన్నదే కొలత. అందుకే మింగడం, పలకడం నేర్పే మనిషి కూడా ఊరికి దగ్గర్లో ఉండాలి.

పుండు చిన్నగా ఉన్నప్పుడే కోస్తే చాలాసార్లు అంచులు కలిపి కుట్టడంతో సరిపోతుంది, ఫ్లాప్ పనే పడదు. రెండు మూడు వారాలకూ మానని పుండు, చెరగని తెల్ల మచ్చ, నోరు తెరవడంలో ఇబ్బంది ఉంటే ఆలస్యం చేయకండి. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఇంట్లో చుట్టో గుట్కానో వాడే పెద్దలుంటే ఈ ఆదివారం వాళ్ల నోరు తెరిపించి, టార్చి వేసి చూడండి.