చీనాభాషలో "తినుట"

పరభాష నభ్యసించువారిని నామములకంటెఁ గ్రియలే యెక్కువగా బాధించును. నామమునకు వస్తువును జూపవచ్చును. క్రియకు వాచ్యార్థము దెలిసినను లక్ష్యార్థము వెంటనే చేఁజిక్కదు. చీనాభాషలోని "ఛి" యను క్రియ యిందులకుఁ దగిన నిదర్శనము.

దీని వాచ్యార్థము తినుట. కాని యా భాషలో "చేఁదు తినుట" యనఁగాఁ గష్టముల నోర్చుట. "లోటు తినుట" యనఁగా నష్టపోవుట. "బెదరు తినుట" యనఁగా నులికిపడుట. "వెనిగరు తినుట" యనఁగాఁ బ్రణయమున నసూయపడుట. నిఘంటువు లీ యర్థములకు వరుససంఖ్యలు వేయును. సంఖ్యలు భేదమును జూపునేగాని సంబంధమును జూపవు. ఆంగ్లనిఘంటువు మూలమున నేర్చు మన విద్యార్థి నాలుగు వేర్వేఱు మాటలు వల్లించి, వానియందున్న యొక్క క్రియను మఱచును.

లక్షణకు మమ్మటుఁడు కావ్యప్రకాశమున మూఁడు హేతువులు చెప్పెను: ముఖ్యార్థబాధ, ముఖ్యార్థముతోడి యోగము, రూఢిగాని ప్రయోజనముగాని. ఇది కావ్యములకే గాక సంతమాటలకును జెల్లును. చిత్తూరుజిల్లాలోని బంగారుపాళ్యము మామిడిసంతకుఁ బేరుగన్నది. ఆ యూరి బాలుఁడు "కాయ దెబ్బతినినది" యన్న వాక్యమును, "ధర పడి రైతు దెబ్బతినెను" అన్న వాక్యమును తడవుకొనక గ్రహించును. కాయకు నోరు లేదు; దెబ్బ భక్ష్యము గాదు; ఇది బాధ. వెలుపలినుండి వచ్చినదానిని లోనికిఁ గొని యనుభవించుట యోగము. చీనావారి చేఁదును, లోటును, బెదరును ఈ యోగముచేతనే బోధపడును.

తినుట సర్వమానవసాధారణము గావున నీ లక్షణయు నంతటను నొక్కటియే యని కొందఱు తలఁపవచ్చును. అది సరిగాదు. ఆ సరిహద్దుసీమలోనే కన్నడిగులు మనవలె దెబ్బలు తిందురు. అరవవారు "అడి వాంగు" అని దెబ్బలను బుచ్చుకొందురు. చీనావారు కష్టమును దినఁగా మనము కష్టపడుదుము. వారు బెదరును దినఁగా మనము బెదరిపడుదుము. వారికి నోటఁ బడినది మనకు "పడు" ధాతువునఁ బడినది. కావున యోగమును జూచి యర్థమును గ్రహింపవచ్చునేగాని, క్రొత్త ప్రయోగమును గల్పింపరాదు.

వెనిగరుమాట కేవలము రూఢి. తాంగ్‌వంశపు తాయ్‌త్సుంగ్ చక్రవర్తి (626–649) తన మంత్రి ఫాంగ్ షువాన్‌లింగునకు నుపపత్ని నొసంగఁబోవఁగా నతని భార్య యొప్పుకొనలేదనియు, విషమని యిచ్చిన గిన్నెను వెఱవక త్రాగెననియు, నందున్నది వెనిగరే యనియు నచటి జనశ్రుతి. ఇట్టిదానిని బదమువలె నఖండముగానే నేర్వవలెను.

కావున నుపాధ్యాయులు ముందుగా స్వభాషలోని లక్షణను విద్యార్థిచేతనే చెప్పింపవలెను. పిమ్మటఁ బరభాషలోని యోగమును జూపవలెను. రూఢిని గడపట నుంచవలెను. తన "దెబ్బతినుట" నెఱిఁగినవానికిఁ బరుల "చేఁదు తినుట" యంత చేఁదుగా నుండదు.