ఎవరూ పాడని వేలం

జప్తు చేసిన గేదెను ఊరి మధ్య కట్టేసి టముకు వేయించారు. సర్కారువారి పాట మొదలైంది. చుట్టూ చేరిన జనం గేదెను చూశారు, అది ఎవరిదో వాళ్లకు తెలుసు, అది పూటకు ఎన్ని పాలిస్తుందో కూడా తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. కారుచౌకగా పోతున్నా ఎవరూ పాడలేదు. 1922 జనవరిలో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో శిస్తు ఎగ్గొట్టిన ఊళ్లలో వేలాలు ఇలాగే నడిచాయి. అంటే, నడవలేదు.

ప్రభుత్వాన్ని ఎదిరించడమంటే మనకు ముందు గుర్తొచ్చేది గొంతు. నినాదం, ఊరేగింపు, బిగించిన పిడికిలి. వాటి విలువ వాటికుంది. కానీ మన నేల మీద అధికారాన్ని నిజంగా ఊపిరాడకుండా చేసిన పోరాటాలను ఒక్కొక్కటే తిరగేసి చూస్తే, వాటి బలం అరుపులో కన్నా ఇవ్వకపోవడంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. శిస్తు ఇవ్వం, బండి కట్టం, గుడ్డలుతకం, వేలం పాడం, ఈ ఊళ్లో ఉండం. వినడానికి చిన్న మాటలే. ఒక్కో మాట వెనక ఎంత కూర్పు ఉందో పెదనందిపాడు చూస్తే తెలుస్తుంది.

ఆ రోజుల్లో శిస్తు వసూలు తాలూకా కచేరీలో కూర్చున్న తహసీల్దారు చేతిలో పని కాదు. ఏ సర్వే నంబరు ఎవరిది, అందులో ఏం పండింది, ఎంత బాకీ ఉంది అన్నది కరణం దస్త్రాల్లో ఉండేది. ఆ దస్త్రం పట్టుకుని గడప గడపకూ వెళ్లి సొమ్ము రాబట్టేది మునసబు. వాళ్ల వెనక వెట్టివాళ్లు, తలారులు. సముద్రాలు దాటి వచ్చిన సామ్రాజ్యం చివరికి ఆనుకున్నది ఈ నలుగురైదుగురి మీద. అందుకే పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో సాగిన ఆ పన్నుల నిరాకరణ రైతుతోనే ఆగలేదు. మునసబులూ కరణాలూ రాజీనామాలు ఇచ్చారు. అప్పుడు దొరగారికి ఊరు కనిపిస్తుంది, ఇళ్లు కనిపిస్తాయి, పొలాలు కనిపిస్తాయి. ఏది ఎవరిదో చెప్పే నోరు మాత్రం దొరకదు.

వసూళ్లు నిలిచిపోయేసరికి ప్రభుత్వం రూథర్‌ఫర్డ్ అనే కలెక్టరును రంగంలోకి దింపింది. పోలీసులూ సైన్యమూ ఊళ్లలోకి వచ్చాయి. వచ్చినవాళ్లకు బండి దొరకలేదు, పాలు దొరకలేదు, గడ్డం గీసే మంగలి రాలేదు, బట్టలు తీసుకెళ్లే చాకలి రాలేదు. శాంతిసేన పేరుతో తిరిగిన వలంటీర్ల పని ఊళ్లలో కట్టు తప్పకుండా చూడటం, ఎవరూ చెయ్యి చేసుకోకుండా చూడటం. ఒక్క రాయి పడితే చాలు, తుపాకులకు సాకు దొరికినట్టే. ఆ సాకు ఇవ్వకపోవడమూ ఇవ్వకపోవడమే.

నెల తిరిగేసరికి ఫిబ్రవరిలో చౌరీచౌరా హింస జరిగింది. గాంధీ బార్డోలీలో తలపెట్టిన శాసనోల్లంఘనను ఆపేశారు. ఇక్కడా విరమించారు. దేశమంతా పాఠ్యపుస్తకాల్లో చదువుకునే బార్డోలీ రైతుల విజయం 1928 నాటిది. దానికి ఆరేళ్ల ముందే పెదనందిపాడు ఈ పద్ధతినంతా చేసి చూపించింది. మన పిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసని అడిగితే నాకు కష్టంగా ఉంటుంది.

అదే ఫిబ్రవరిలో పల్నాడులో ఈ పద్ధతికి రక్తం కూడా తోడైంది. అడవిలో పశువులు మేపుకున్నందుకు పుల్లరి కట్టమంటే కట్టం అన్నారు. అటవీ సిబ్బందికి ఊళ్లో ఉప్పూ పప్పూ అమ్మడం మానేశారు. మించాలపాడులో కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. ఇవ్వనివాడి దగ్గర ఇంకేమీ గుంజుకోలేనప్పుడు అధికారం ప్రాణం తీసుకుంటుంది.

వేలం పాటకు ఇంకో రూపం ఉంది. పెదనందిపాడులో సర్కారు అమ్మబోతే కొనేవాడు లేడు. డెబ్బయ్యేళ్ల తర్వాత నెల్లూరులో కొనేవాళ్లు క్యూ కట్టారు, పాట సాగనివ్వనిది ఆడవాళ్లు.

సారా వ్యాపారం మొత్తం ఏటా జరిగే వేలం మీద నడిచేది. కాంట్రాక్టరు పాట పాడి దుకాణాలు దక్కించుకునేవాడు. పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికి వీధి వీధికీ సరుకు పంపేవాడు. అంతకుముందే ప్రభుత్వం వారుణివాహిని పేరుతో సారాను పొట్లాల్లోకి ఎక్కించింది. పొట్లం జేబులో పడుతుంది, పొలం గట్టు మీదికి వస్తుంది, మంచం పక్కకూ వస్తుంది. కూలి డబ్బు ఇంటికి చేరకముందే అయిపోయేది. అప్పుడే నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి, రాత్రి లాంతరు దగ్గర అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు వాచకంలో తమ బతుకే చదివారు. చదివింది చర్చించుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివాళ్లు కలిసి ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ కథ మళ్లీ ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా వాచకంలోకి ఎక్కింది. ఒక ఊరి పోరాటం ఇంకో ఊరికి పలక మీద అక్షరాలుగా చేరడం, ఇంతకన్నా గొప్ప ప్రచారం నేనెక్కడా వినలేదు.

వాళ్ల చేతుల్లో ఉన్నవి చీపుర్లు, కారప్పొడి. సారా పొట్లాలు వీధిలో పోసి తొక్కారు. తాగి వచ్చిన మొగుడికి అన్నం పెట్టం అన్నారు కొన్ని ఊళ్లలో. కానీ అసలు దెబ్బ కొట్టింది వేలం మీద. దుకాణం మూయిస్తే రేపు ఇంకోటి తెరుస్తారు. పాటే జరగకపోతే దుకాణం ఎక్కడిది? 1992లో పాటకు తేదీ ప్రకటించినప్పుడల్లా పల్లెల నుంచి ఆడవాళ్లు తరలివచ్చి నెల్లూరులో అడ్డం కూర్చున్నారు. అధికారులు వాయిదా మీద వాయిదా వేశారు. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ఖజానాకు ఆ డబ్బు కావాలి. ఆడవాళ్లు గెలిచింది నిజం, ఆ గెలుపులో కొంత వాళ్లను అడక్కుండా వెనక్కి తీసుకున్నదీ నిజం.

అడ్డం కూర్చోవడం గురించి ఒక మాట. ధర్నా అనే పదం పార్టీల ఫ్లెక్సీల మీద నలిగిపోయింది గానీ, అది చాలా పాత పద్ధతి. అప్పిచ్చినవాడు బాకీదారు వాకిట్లో వచ్చి కూర్చునేవాడు. తినడు, లేవడు. లోపలివాళ్లకు ముద్ద దిగదు. ఆకలితో వాకిట్లో ఒక ప్రాణం పోతే ఆ పాపం ఇంటిని చుట్టుకుంటుందని భయం. ఇంగ్లీషువాళ్లకు ఇది ఎంత ఇబ్బంది పెట్టిందంటే, 1860 నాటి శిక్షాస్మృతి 508వ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణలో ధర్నా అన్న మాటే కనిపిస్తుంది. ఎదుటివాడికి దైవాగ్రహం తగులుతుందని నమ్మించడానికి వాడి గుమ్మంలో ధర్నా కూర్చోవడం నేరమని. కాబట్టి కలెక్టరేటు గేటు ముందు ఎర్రటి ఎండలో కూర్చున్న అంగన్‌వాడీ ఆయాను చూసినప్పుడు గుర్తుంచుకోవాలి, ఆమె బిచ్చం అడగడం లేదు. బాకీ అడుగుతోంది. ఆ కూర్చోవడానికి మొదటి నుంచీ అర్థం అదే.

పొట్టి శ్రీరాములు చేసిందీ ఆ కోవలోదే, చివరి అంచు వరకూ వెళ్లిన రూపం. 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహారదీక్షకు కూర్చుని డిసెంబరు 15న కన్నుమూశారు. నాలుగు రోజుల్లో నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. ఈ పద్ధతిని గౌరవిస్తాను గానీ ఇంకొకరికి చెప్పలేను. దీక్షలో తాకట్టు పెట్టేది ఒక్కడి ప్రాణం, దాన్ని విడిపించే తాళంచెవి ఎదుటివాడి దగ్గరుంటుంది.

2011లో తెలంగాణ ఉద్యమం నిరాకరణకు ఇంకో నేర్పు జోడించింది. సెప్టెంబరు 13న మొదలైన సకలజనుల సమ్మె 42 రోజులు నడిచింది. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు, సింగరేణిలో బొగ్గు పైకి రాలేదు. బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుంది, ఆ సంగతి హైదరాబాదుకూ ఢిల్లీకీ ఒకేసారి తెలిసింది. కార్మికులు, ఉద్యోగులు జీతాలు వదులుకున్నారు, పిల్లలు చదువు వదులుకున్నారు. ఆ లెక్క కూడా చెప్పాలి.

ఆ ఏడాదే ఒక వంటావార్పు దగ్గర నిలబడి చూశాను. హైవే మధ్యలో ఇటుకలు పేర్చి పొయ్యి పెట్టారు. ఇద్దరు మనుషులు పట్టేంత గంజులో ఎసరు మరుగుతోంది. రోడ్డు మీది తెల్ల గీత పక్కనే చాప పరిచి నలుగురు ఆడవాళ్లు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. ఒకామె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, ఆగిపోయిన లారీ డ్రైవరును కేకేసి పిలిచింది. “తిని పో అన్నా. పొయ్యి ఆరేదాక బండి ఎట్లయినా కదలదు.” అతను కాసేపు మొహమాటపడి, స్టీరింగు వదిలి దిగివచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు.

రాస్తారోకోలో ఆగిపోయిన ప్రతివాడూ ఉద్యమాన్ని తిట్టుకుంటాడు. వంటావార్పులో అతను చుట్టమవుతాడు. ఇంకోటి, రాళ్లు అడ్డం పెడితే పోలీసు పక్కకు లాగేస్తాడు. ఉడుకుతున్న అన్నాన్ని లాగడం ఏ కానిస్టేబులుకైనా కష్టం. అన్నం గంజును బూటు కాలితో తన్నేంత ధైర్యం మన ఊళ్లలో పుట్టి పెరిగినవాడికి అంత సులువుగా రాదు. ఈ ఉపాయం ఏ పుస్తకంలోంచీ తెచ్చుకున్నది కాదు. జాతరలో చెట్టు కింద వండుకునే అలవాటును తెచ్చి తారురోడ్డు మీద పెట్టారు.

అన్నింటికన్నా బరువైన నిరాకరణ ఊరే విడిచిపోవడం. దాన్ని చూడాలంటే చీరాల వెళ్లాలి.

చీరాల, పేరాల పక్కపక్క ఊళ్లు. ఎక్కువమంది నేతవాళ్లు, రోజు గడిస్తే చాలనుకునేవాళ్లు. పంచాయతీ యూనియనుగా ఉన్నప్పుడు ఏటా నాలుగు వేల రూపాయలు పన్ను కట్టేవాళ్లు. రెండూ కలిపి మునిసిపాలిటీ చేసేసరికి అది దాదాపు నలభై వేలయింది. అర్జీలు పెట్టారు, పన్ను మానేశారు, జైళ్లకు వెళ్లారు. శిక్ష పడ్డవాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది. 1921 ఏప్రిల్‌లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల తర్వాత గాంధీ చీరాల వచ్చారు. అహింస తప్పకుండా పన్ను నిరాకరించడం ఒక దారి, ఊరు విడిచిపోవడం ఇంకో దారి అన్నారు. కాంగ్రెస్ నుంచి డబ్బు సాయం ఆశించవద్దనీ చెప్పారు. ఎడిన్‌బరోలో చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆయన కూర్చిన రామదండు ముందుండి నడిపించారు. పదిహేను వేల జనాభాలో దాదాపు పదమూడు వేల మంది మునిసిపల్ హద్దు దాటి, పాకలు వేసుకుని, దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. మునిసిపాలిటీ మిగిలింది, పన్ను కట్టే మనిషి లేడు.

నేతగాడు ఇల్లు విడవడం అంటే ఏమిటో గుంటమగ్గం చూసినవాళ్లకు తెలుస్తుంది. మగ్గం నేలలో పాతుకుని ఉంటుంది. కాళ్లు పెట్టుకునే గుంట తవ్వి, అందులో తొక్కుడు చెక్కలు అమర్చి, నేతగాడు గట్టు మీద కూర్చుని నేస్తాడు. చెక్కలు విప్పుకుని మోసుకుపోవచ్చు, గుంటను మోసుకుపోలేడు. కొత్త చోట మళ్లీ తవ్వాలి, వానొస్తే గుంటలో నీళ్లు చేరతాయి, నీళ్లు చేరితే పని ఉండదు, పని లేకపోతే పొయ్యి వెలగదు. అయినా ఎండలో, వానలో పదకొండు నెలలున్నారు. అక్కడ అన్ని కులాల ప్రతినిధులతో సభ పెట్టుకున్నారు, తగవులు తామే తీర్చుకున్నారు. గోపాలకృష్ణయ్యను అరెస్టు చేసి ఏడాది జైలు వేశారు. డబ్బు అయిపోయింది. జనం తిరిగి ఇళ్లకు చేరారు. మునిసిపాలిటీ ఉండిపోయింది. దీన్ని ఓటమి అని రాసినవాళ్లున్నారు. నేను అలా అనలేను. పదమూడు వేల మంది ఒకరి మాట మీద ఒకరు ఇళ్లకు తాళాలేసుకుని నడిచిన ఊరు ఇంకోటి చూపించమనండి.

అదే చీరాలకు, ఆ తర్వాత అరవై నాలుగేళ్లకు, ఇంకో జనం నడిచి వచ్చారు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద భూస్వాములు పడి ఆరుగురిని చంపారు. తాగునీటి చెరువును పాడుచేస్తుంటే వద్దన్నందుకు మొదలైన గొడవ అది. బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. పెదనందిపాడులో, పల్నాడులో గొప్పగా పనిచేసిన ఉప్పుపప్పు అమ్మకపోవడం, పనికి పిలవకపోవడం అన్న ఆయుధాన్నే పల్లెల్లో పైకులాలు దళితవాడల మీద తరతరాలుగా వాడాయి. సాంఘిక బహిష్కారం పైనుంచి కిందికి దిగితే అది ప్రతిఘటన కాదు, ఆకలితో చంపడం.

ప్రభుత్వం వాళ్లను కారంచేడుకు తిరిగి వెళ్లమంది. రక్షణ ఇస్తామంది. వాళ్లు వెళ్లం అన్నారు. ఆ శిబిరం దగ్గరికి రాష్ట్రం నలుమూలల నుంచీ జనం వచ్చారు, కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటి వాళ్ల పనితో దళిత మహాసభ అక్కడి నుంచే ఎదిగింది. భూస్వామి పొలానికి వాళ్ల చేతులు కావాలి. ఆ చేతులు మళ్లీ ఆ పొలంలో దిగవని చెప్పడమే వాళ్ల దగ్గరున్న మాట, దాని మీద నిలబడ్డారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2008 డిసెంబరులో తేలింది, ఇరవై మూడేళ్లకు. ఊరికి వెళ్లం అన్న మాట మాత్రం కోర్టు కోసం ఆగలేదు. ప్రభుత్వం చీరాలలోనే, విజయనగర్ కాలనీలో, వాళ్లకు ఇళ్లు కట్టించాల్సి వచ్చింది. రామనగరం వాళ్లు పదకొండు నెలలకు తిరిగి వెళ్లారు. విజయనగర్ కాలనీ వాళ్లు వెళ్లలేదు.