ఆవర్జాలో ఆరాధన

రంజాన్‌లో మా ఇంట్లో ఖురాన్‌తో పాటు ఆవర్జా పుస్తకం కూడా బయటికి వస్తుంది. బట్టల కొట్లో ఉన్న సరుకు ఇవాళ్టి అమ్మకం ధరకు ఎంత చేస్తుంది, బ్యాంకులో ఎంతుంది, వసూలయ్యే అరువులెన్ని, మొండి బాకీలెన్ని, బీరువాలో బంగారమెంత, మేం ఒకరికి ఇవ్వాల్సిందెంత, అన్నీ ఒక కాగితం మీదికి ఎక్కాలి. అప్పులు పోను మిగిలింది నిసాబ్ అనే హద్దుకు తగ్గకుండా ఉండి, చాంద్రమాన సంవత్సరం తిరిగొచ్చేసరికి కూడా అలాగే ఉంటే, అందులో నలభయ్యో వంతు మాది కాదు. అంటే 2.5 శాతం. పేదలకు చేరాల్సిన ఆ వాటాయే జకాత్. నాన్న ఉన్నన్నాళ్లూ ఆయన వేసిన ఈ లెక్క ఇప్పుడు నేను వేస్తున్నాను. ఏడాది పొడుగునా చేసే ఆరాధనల్లో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసేది ఇదే.

దైవ విశ్వాసానికీ ఐహిక జీవితానికీ మధ్య ఇస్లాం సమతూకం కోరుతుందని జుమ్మా ప్రసంగాల్లో తరచూ వింటాం. సమతూకం అనగానే చాలామంది పంపకం అనుకుంటారు. ఇంతసేపు మసీదుకు, ఇంతసేపు బజారుకు, ఒకదాని జోలికి ఇంకొకటి రాకూడదు అని. జకాత్ ఆ పంపకాన్ని ఒప్పుకోదు. ఇచ్చేటప్పుడో, సొమ్ము విడిగా తీసిపెట్టేటప్పుడో ‘ఇది జకాత్’ అన్న నియ్యత్, అంటే సంకల్పం, మనసులో ఉండాలి. నియ్యత్ లేకుండా లక్ష రూపాయలు పంచినా అది దానమవుతుందే గాని జకాత్ కాదు. నియ్యత్ ఎంత గట్టిదైనా రూపాయి చెయ్యి దాటకపోతే అదీ జకాత్ కాదు. మనసు, సొమ్ము రెండూ ఒకే పనిలో కలవాలి. ఇస్లామీయ తత్వం గురించి నేను చదివినవన్నీ ఈ చిన్న నియమం దగ్గరికి వచ్చాకే నా ఒంటికి పట్టాయి.

ఇమామ్ గజాలీ సంగతే చూడండి. 1058లో ఖురాసాన్‌లోని తూస్‌లో పుట్టి, 1091లో బాగ్దాద్ నిజామియా మదరసాలో ఆచార్యుడై, కీర్తి శిఖరం మీద ఉండగా 1095లో అన్నీ వదిలి వెళ్లిపోయినవాడు. ఆయన వైరాగ్యం గురించి చెప్పేవాళ్లు ఒక సంగతి దాటేస్తారు. ఆస్తి పంచేసేటప్పుడు తనకూ పిల్లల తిండికీ సరిపడా ఉంచుకున్నానని ఆయనే రాసుకున్నాడు. ఆయన పెద్ద పుస్తకం ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో నలభై గ్రంథాలున్నాయి. అయిదోది జకాత్ మర్మాల గురించి, పదమూడోది బతుకుతెరువు సంపాదించుకునే మర్యాదల గురించి. సూఫీ మార్గంలో నడిచిన మనిషి దుకాణదారుడి కోసం ఒక గ్రంథం కేటాయించాడు. దీనారు, దిర్హముల గురించి ఆయన చెప్పిన పోలిక నాకు చాలా ఇష్టం. అద్దానికి సొంత రంగు ఉండదు గాని అన్ని రంగులనూ చూపిస్తుంది, డబ్బూ అంతేనంటాడు. దాన్ని దాచిపెట్టుకోవడమంటే జనానికి తీర్పు చెప్పాల్సిన న్యాయాధికారిని జైల్లో పెట్టడమేనంటాడు. డబ్బును అసహ్యించుకునేవాడు ఇలా రాయలేడు. దాని పనేమిటో తెలిసినవాడే రాయగలడు.

గజాలీ తత్వవేత్తల మీద చేసిన విమర్శకు జవాబు రాసిన ఇబ్న్ రుష్ద్ కార్డోబా వాడు. అరిస్టాటిల్ వ్యాఖ్యాతగా ఐరోపా అతణ్ణి ఎరుగును. విశ్వం అనాదియా కాదా అన్న వాళ్ల వాదం నా స్థాయికి మించింది. కానీ ఇబ్న్ రుష్ద్ ఖాజీ, అంటే న్యాయాధికారి కూడా. ‘బిదాయతుల్ ముజ్తహిద్’ అనే ధర్మశాస్త్ర గ్రంథంలో ఆడవాళ్ల నగల మీద జకాత్ ఉందా లేదా అన్న తగవును విప్పి చూపించాడు. ఒంటి మీది నగకు జకాత్ లేదన్నారు ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ. ఉందన్నాడు ఇమామ్ అబూ హనీఫా. తేడా ఎక్కడొచ్చింది? నగ వాడుకునే వస్తువా, మారకానికి పనికొచ్చే బంగారమా అన్న దగ్గర. ఒకే గాజు రెండు వైపులకూ మొగ్గుతుంది. మా అమ్మ దీన్ని పుస్తకం లేకుండానే తేల్చేసింది. ‘అవసరం పడితే కుదువ పెట్టడానికి పనికొస్తుంది కదరా, అయితే లెక్కలో రాయి’ అంది. మాది అబూ హనీఫాను అనుసరించే హనఫీ మార్గమే కాబట్టి రాశాను.

దేనికి లెక్క ఉందో, దేనికి లేదో చూస్తే ఈ ధర్మం సంపదను ఎలా చూస్తుందో తెలుస్తుంది. ఉంటున్న ఇంటికి లేదు. దర్జీ కుట్టుమిషన్‌కు లేదు. అమ్మడానికి పెట్టిన గుడ్డకు ఉంది. దొరికిన నిధిలో అయిదో వంతు, వానకు పండిన పంటలో పదో వంతు, నీళ్లు తోడి పండించిన పంటలో ఇరవయ్యో వంతు, వర్తకం సొమ్ములో నలభయ్యో వంతు ఇవ్వాలి. మనిషి కష్టం పెరిగేకొద్దీ ఇవ్వాల్సిన వాటా తగ్గుతుంది. పద్నాలుగో శతాబ్దపు డమాస్కస్ పండితుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ దీన్ని ప్రత్యేకంగా గుర్తించి రాశాడు. వాన నమ్ముకున్న రైతుకూ, బోరు మోటారుకు డబ్బు పోసిన రైతుకూ తేడా ఏమిటో మా రాయలసీమలో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆకాశం నుంచి పడింది ఎంత, చేతులు చేసింది ఎంత అని దేవుడి పేరు మీదే లెక్క కట్టడం నాకు అద్భుతంగా అనిపిస్తుంది.

ఇంకో నియమం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. జకాత్ సొమ్ముతో మసీదు కట్టకూడదు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం ఆ సొమ్ము పేదవాడి చేతికి చేరాలి, అతను దానికి పూర్తి యజమాని కావాలి. అల్లాహ్ ఇంటి గోడకు పెట్టలేని రూపాయి పక్కింటి విధవరాలి పిండి డబ్బాలోకి మాత్రం వెళ్లవచ్చు. ఇది జకాత్ అని పుచ్చుకునేవాళ్లకు చెప్పాల్సిన పని కూడా లేదు. ఈదీ (పండగ కానుక) అనో, పిల్లల ఫీజుకనో చేతిలో పెడితే చాలు. ఇంత మర్యాదగా ఏర్పాటు చేసిన పనిని వీధిలో వరస కట్టించి, ఫొటోలు తీసి చేస్తుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

లెక్క ఉన్నచోట ఎగవేత ఉంటుంది. ఏడాది నిండేలోపు ఆస్తి భార్య పేర పెట్టి, ఆమె ఏడాది నిండేలోపు తిరిగి పుచ్చుకునే ఉపాయం గజాలీ నాటికే ఉంది. ఖాజీ ఏమీ అనలేకపోవచ్చు గాని ఆ పని పరలోకంలో మనిషిని ముంచుతుందని ఆయన మండిపడ్డాడు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. సొమ్ము కదిలింది, కాగితం కుదిరింది, మనసు మాత్రం అక్కడ లేదు.

ఇప్పుడు మా కాగితం మీద తేలని సంగతి ఒకటుంది. నిసాబ్ బంగారంలో ఏడున్నర పాత తులాలు, అంటే 87.48 గ్రాములు. వెండిలో యాభై రెండున్నర, అంటే 612.36 గ్రాములు. ప్రవక్త కాలంలో ఈ హద్దులైన ఇరవై బంగారు దీనార్లు, రెండొందల వెండి దిర్హములు ఇంచుమించు ఒకే విలువ. ఇవాళ రెంటికీ పొంతన లేదు. బంగారం, రొక్కం కలిసి ఉన్నవాళ్లకు వెండి హద్దే పట్టమంటారు మా మసీదు హజ్రత్, ఇచ్చేవాళ్లు పెరుగుతారని. నేనూ వెండి లెక్కే వేస్తాను. కానీ అదే హద్దు పుచ్చుకునేవాళ్లకూ వర్తిస్తుంది. కూతురి పెళ్లికని రెండు తులాల బంగారం, కొంత రొక్కం దాచుకున్న మా వీధిలో బీడీలు చుట్టే ఆమె ఈ లెక్కలో ఇవ్వాల్సిన మనిషి అయిపోతుంది, పుచ్చుకోవాల్సిన మనిషి కాకుండా పోతుంది. పండితులు మళ్లీ కూర్చుని చూడాల్సిన చోటు ఇదని నా నమ్మకం. అందాకా జకాత్ కాగితంలో ఆమె పేరు రాయడానికి నాకు వీల్లేదు. ఇలాంటి హద్దులేవీ లేని స్వచ్ఛంద దానం సదఖా. ఆమె ఇంటి అద్దె ఆ పద్దు కింద రాసుకుంటున్నాను.