ఈగకు పిల్లలున్నారా?

సంక్రాంతి సెలవుల్లో ప్రూఫులు చూసి పంపిస్తానని మాటిచ్చాను. నా సిద్ధాంత గ్రంథం పుస్తకంగా రావాలి. అందులో మూడో అధ్యాయమంతా పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ చుట్టూ అల్లుకున్నది. పది రోజుల సెలవులు, రోజుకు ముప్పై పేజీలు చూసినా చాలు అనుకున్నాను. డిసెంబరులో వేసుకున్న ఆ లెక్కలో మా రెండున్నరేళ్ళవాడు లేడు.

వాడి ప్లేస్కూలుకీ సెలవులే. మధ్యాహ్నం నుంచి వాణ్ణి చూసుకునే ఆయా పండక్కి పాలమూరు జిల్లాలోని తన ఊరికి వెళ్ళింది. హైదరాబాదులో మా అపార్ట్‌మెంటు మూడొంతులు ఖాళీ అయిపోయింది. అందరూ విజయవాడ రోడ్డు మీదే ఉన్నారు. వాడికి జలుబూ దగ్గూ, మా ఆయనకి రెండు రోజులే సెలవు కాబట్టి మేం కదల్లేదు.

ఆ పది రోజులూ ఎలా గడిచాయో చెప్పమంటే చెప్పలేను. గడిచిన దానికి ఆనవాలు ఉండదు. పొద్దున్నే చలి. స్వెట్టరు వేస్తే విప్పుతాడు, విప్పితే తుమ్ముతాడు. ఇడ్లీ అంటే దోసె కావాలి, దోసె వేస్తే అది చిరిగిందని ఏడుపు, మళ్ళీ అతికించమని. అతికించలేని దోసె ముందు నేనూ వాడూ అరగంట కూచున్నాం. పదింటికి డాబా మీదికి వెళ్తే ఎవరిదో తెగిన గాలిపటం దారం కాలికి చుట్టుకుంది. దిగి వస్తే స్నానం. స్నానం అయ్యాక నీళ్ళలోంచి బయటికి రమ్మని బతిమాలడం. అన్నం. నిద్రపుచ్చడానికి గంట, నిద్రపోయేది నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో గిన్నెలు కడగాలా, ప్రూఫులు తియ్యాలా, నేనూ పడుకోవాలా అని ఆలోచిస్తూ ఉండగానే లేచేస్తాడు. నిద్రకు మొహం వాచిపోయిన స్త్రీ మీద అబ్బూరి ఛాయాదేవి గారు ‘సుఖాంతం’ రాశారు. పాఠం చెప్పేటప్పుడు దాన్ని ప్రతీకాత్మక కథ అనేదాన్ని. ఇప్పుడు అనను.

మా ఆయన తనకున్న రెండు రోజుల సెలవులో ‘నేను చూస్తాను, నువ్వెళ్ళి రాసుకో’ అన్నాడు. నిజంగానే చూశాడు. నేను తలుపు వేసుకుని లోపల కూచుంటే తలుపు కింద సందులోంచి నాలుగు చిన్న వేళ్ళు కనిపించాయి. పేజీ తిప్పలేకపోయాను.

మూడో రోజు మధ్యాహ్నం నిద్రపుచ్చుతూ ఈగ కథ చెప్పాను. మనకందరికీ తెలిసినదే. ఈగ ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మరిచిపోయింది. పేదరాశి పెద్దమ్మనడిగింది, ఆమె కొడుకునడిగింది, వాడు కొట్టే చెట్టునడిగింది, చివరికి గుర్రం కడుపులో ఉన్న పిల్లనడిగింది. మధ్యలో ఎవరెవరిని అడుగుతుందో ఒక్కో ఇంట్లో ఒక్కోలా చెప్తారు. పుట్టని ఆ పిల్లే నవ్వి, నువ్వు ఈగవి కదా అంది. మావాడు నవ్వలేదు. కాసేపు చూసి ‘ఈగ పాప ఏదీ?’ అన్నాడు. ఈగకి పాప లేదన్నాను. ‘ఎందుకు లేదు?’

నా దగ్గర జవాబు లేదు. ఏడేళ్ళ పరిశోధనలో ఈ ప్రశ్న నాకు తట్టలేదు. ‘ఇల్లలకగానే’ మీద నేను రాసినదాన్ని వాడి ప్రశ్న పక్కన పెట్టుకుని మళ్ళీ చదవాల్సి వచ్చింది.

కథ మీకు తెలుసు. చదువూ చలాకీతనమూ ఉన్న అమ్మాయి పెళ్ళయి వచ్చి ఇల్లలుకుతూ ముగ్గులు పెడుతూ ఒకనాడు తన పేరు మరిచిపోతుంది. అడిగితే పిల్లలు నీ పేరు అమ్మే కదా అంటారు. భర్తకూ అక్కర్లేని సంగతే అది. ఆమె పుట్టింటికి బయల్దేరుతుంది. చివరికి చిన్ననాటి స్నేహితురాలు పేరు పెట్టి పిలుస్తుంది. ఈగ కథని తిరగేసి, పేరు పోవడం వెనక ఉన్న చాకిరీని చూపించిన కథ. ఇన్నేళ్ళుగా స్త్రీవాద విమర్శ దీన్ని అస్తిత్వ కథగానే చదివింది, నేనూ అలాగే చదివాను. ‘ఇక్కడ పిల్లలు కూడా పితృస్వామ్య కుటుంబపు గొంతే’ అని 84వ పేజీలో రాశాను.

కానీ ఆ పిల్లలు మాట్లాడగలిగే పిల్లలు. అమ్మ రెండు రోజులు లేకపోతే తమ తిండి తాము తినగలిగే వయసువాళ్ళు. అందుకే ఆమె బస్సెక్కగలిగింది. పేరు వెతుక్కుంటూ బయల్దేరాలంటే ముందు కాళ్ళకు అడ్డంపడేవాళ్ళు ఎవరూ ఉండకూడదు. జానపద కథ ఆ చిక్కును ఈగకి పిల్లల్లేకుండా చేసి తప్పించుకుంది. సత్యవతి గారి కథ పిల్లల్ని కాస్త పెద్దవాళ్ళని చేసి దాటేసింది. ఇది కథలో లోపం అనడం లేదు. కథకి వేగం కావాలి, రెండేళ్ళ పిల్లాడు ఉన్న చోట ఏ కథా కదలదు. నా ఫిర్యాదు విమర్శ మీద, అంటే నా మీద. పేరు పోయింది అలికినందువల్లే అని రాశాను. అలికే చేతికి ఆలోచన ఉంటుంది. నేల తుడుస్తూ నేను రెండు వ్యాసాలకు ఎత్తుగడలు ఆలోచించుకున్నాను. రోజంతా ఇంకో చిన్న శరీరానికి అవసరమై ఉండటం వేరు. అందులో వాక్యం ఎప్పుడూ సగంలోనే తెగిపోతుంది.

మన కవయిత్రులు ఈ దారిలో చాలా దూరం వచ్చారు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ రాశారు. పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ రాశారు. నోరెత్తని గదుల్లోంచి ఆ అనుభవాల్ని కవిత్వంలోకి తెచ్చారు. ప్రసవం అయింది. ఆ తర్వాత? నేను చదివినంతలో బిడ్డ లేబర్ రూమ్ నుంచి బయటికి వచ్చి, మళ్ళీ కనిపించేసరికి బడికి వెళ్తూ ఉంటుంది. మధ్య ఏళ్ళు ఎక్కడ పోయాయి? రాయాల్సినవాళ్ళు దోసె అతికిస్తూ ఉండి ఉంటారు. చిన్నపిల్లల్ని ఎలా చూడాలో మనకి ‘బిడ్డల శిక్షణ’ అని పుస్తకం రాసి పెట్టింది చలం! విశ్వవిద్యాలయాలదీ ఇదే చూపు. పరిశోధక విద్యార్థినులకు మాతృత్వానికీ శిశు సంరక్షణకూ 240 రోజుల దాకా సెలవు ఇవ్వొచ్చని యుజిసి 2016 నిబంధనల్లో చెప్పింది. సంతోషమే. ఎనిమిది నెలలు. బిడ్డ నడక నేర్చేది ఆ తర్వాత.

ఇంకో సంగతి రాయడానికి కొంచెం జంకుగా ఉంది. ఒక మధ్యాహ్నం వాడు నా చెవి పట్టుకుని నిద్రపోయాడు. ప్రూఫులు పక్క గదిలో ఉన్నాయి. చెవి మెల్లగా విడిపించుకుని లేవొచ్చు. లేవలేదు. లేవలేకపోయానా, లేవాలనిపించలేదా? చెయ్యి తిమ్మిరెక్కిందాకా అలాగే ఉన్నాను. నా పేరూ, డిగ్రీ, అధ్యాయం ఏదీ గుర్తులేదు, బాధగానూ లేదు. దీన్ని త్యాగం అంటే అబద్ధం. అణచివేత అంటే ఆ నలభై నిమిషాలకు అన్యాయం. మాతృత్వం అనే అనుభవాన్నీ, మాతృత్వం అనే వ్యవస్థనూ విడివిడిగా చూడాలని ఏడ్రియన్ రిచ్ 1976లో ‘ఆఫ్ వుమన్ బార్న్’లో చెప్పింది. నా మొదటి అధ్యాయంలో ఆ విభజనను గౌరవంగా ఉటంకించాను. ఆ తర్వాత రాసిందంతా వ్యవస్థ గురించే. అనుభవం గురించి మాట్లాడితే అమ్మతనాన్ని పూజించేవాళ్ళ చేతికి చిక్కుతామని భయం. ఆ భయానికి కారణం ఉంది. కానీ మనం వదిలేసిన చోటునే కదా వాళ్ళు ఆక్రమించుకున్నది.

ఆ సాయంత్రమే వాడు ఎర్ర పెన్నుతో ప్రూఫుల మీద గీతలు గీశాడు. అరిచాను, ఎదురింటివాళ్ళు తలుపు తీసి చూసేంత గట్టిగా. ఇది కూడా అనుభవమే, మా అమ్మకి ఫోన్లో చెప్పలేదు.

భోగినాడు రేగిపళ్ళూ చిల్లరా చెరుకు ముక్కలూ బంతి రేకలూ కలిపి వాడి తల మీద పోశాం. మొదటి పండు ముక్కు మీద పడగానే రాగం అందుకున్నాడు. అమ్మ ఫోన్లోనే చూసింది. నాన్న పోయాక తను భోగిపళ్ళకి దూరంగా కూచుంటుంది. ఇక్కడ లేదు కాబట్టి ఈసారి పోట్లాడే వీలు కూడా లేకపోయింది.

ఆ రాత్రి ఎప్పుడు తిరిగొస్తుందో కనుక్కుందామని ఆయాకి ఫోన్ చెయ్యబోయాను. నా ఫోన్లో ఆమె నంబరు ‘ఆయా’ అనే ఉంది. ఏడాదిన్నరగా అలాగే ఉంది. పేరు పోవడం మీద నలభై పేజీలు రాసిన మనిషిని నేను! ‘ఇల్లలకగానే’ తీసి మళ్ళీ చూశాను. ఆమె తన పేరు అడిగినవాళ్ళలో ఇంటి పనిమనిషి కూడా ఉంది. ఇంటి ఆవిడ పేరుతో తనకేం పని అన్న అర్థం వచ్చే జవాబే చెప్తుంది ఆ పనిమనిషి. ఆమె పేరేమిటో కథ అడగదు. నేనూ అడగలేదు. నన్ను పరీక్షించినవాళ్ళూ అడగలేదు. మరొకామె వచ్చి నా బిడ్డను ఎత్తుకుంటే మిగిలిన గంటల్లోనే ఆ అధ్యాయాన్ని తిరగరాశాను. ఆమె కూతురు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ పిల్ల వయసు నాలుగేళ్ళట. నేను అడిగితేనే చెప్పింది.

ఆయా సంక్రాంతి దాటిన నాలుగో రోజున సకినాలూ, వాడికి ఒక చెక్క బండీ తెచ్చింది. మా గేటు దగ్గర ఇచ్చిన ఆధార్ కాపీలో ఒక పేరుంది. ఊళ్ళో నిన్ను అలాగే పిలుస్తారా అని అడిగాను. కాదంది. మరి ఏమని పిలుస్తారంటే చెప్పి నవ్వింది. వ్యాసంలో ఆ పేరు రాయొచ్చా అన్నాను.

‘వద్దు మేడం. నా పేరుతోని ఏం పని మీకు? అందరు సదువుతరు.’

అందుకని రాయడం లేదు. ఫోన్లో మాత్రం మార్చాను. ప్రూఫులు పంపడానికి ఇంకో నెల గడువు అడిగాను, రెండు వారాలు ఇచ్చారు. 84వ పేజీలో ఎర్ర గీతల కింద ఆ వాక్యం ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.