పొడుగు తయారయ్యే చోటు

పిల్లలు బాగా పొడుగెదగాలని ఇంట్లో అందరికీ ఉంటుంది. కడ్డీకి వేలాడమని ఒకరు, పాలల్లో ఫలానా పొడి కలపమని ఒకరు, గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ చేయిస్తే ఏ వయసులోనైనా ఎత్తు పెరగొచ్చని ఇంకొకరు చెబుతారు. ఆ హార్మోన్ మనిషిని పైకి సాగదీస్తుందనీ, ఎంత ఎక్కిస్తే అంత ఫలితమనీ చాలామంది నమ్మకం. నిజానికి ఎముక పొడవు పెరగడం ఎన్నో చేతులు మారే పని. ఎవరి వంతు ఎప్పుడు మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో ప్రతి దశకూ ఒక ఏర్పాటుంది.

పుర్రె నడి అడుగున, ఎముకలోనే తొలిచినట్టున్న చిన్న గుంటలో పీయూష గ్రంథి కూర్చుని ఉంటుంది. బరువు సుమారు అర గ్రాము. దాని ముందు భాగంలోని కణాల్లో సగానికి దగ్గరగా గ్రోత్ హార్మోన్ ఒక్కదాని తయారీకే అంకితం. అవి 191 అమైనో ఆమ్లాలను గొలుసుగా కూర్చి, ఆ గొలుసును నాలుగు పొడవాటి మెలికలున్న కట్టగా మడిచి, రెండు చోట్ల గంధకపు బంధాలతో బిగిస్తాయి. ఈ మడత చెదిరితే హార్మోన్ పనికిరాదు. మింగితే కడుపు దీన్ని కందిపప్పులోని ప్రోటీన్ లాగే ముక్కలు చేసి అరిగించుకుంటుంది. గ్రోత్ హార్మోన్ పేరుతో అమ్మే మాత్రలూ పొడులూ ఇక్కడే వీగిపోతాయి.

తయారైన హార్మోన్ నిరంతరంగా కారుతూ ఉండదు. పైన మెదడులోని హైపోథాలమస్ నుంచి రెండు సంకేతాలు దిగుతాయి: ఒకటి వదలమంటుంది, సోమటోస్టాటిన్ అనే రెండోది ఆపమంటుంది. ఆపమనేది 1973లో దొరికింది. వదలమనేది 1982లో బయటపడింది, అదీ మెదడులో కాదు, క్లోమంలో పెరిగిన కణితుల్లో. ఈ రెండింటి పోటీవల్ల హార్మోన్ విడతలు విడతలుగా రక్తంలోకి వస్తుంది. అన్నిటికన్నా పెద్ద విడత రాత్రి మొదటి గాఢనిద్రలో. వచ్చినది 20 నిమిషాలు తిరక్కుండానే సగానికి తగ్గిపోతుంది. పగటిపూట చాలాసేపు రక్తంలో దాని జాడ దాదాపు ఉండదు కాబట్టి, ఒక్కసారి రక్తం తీసి తక్కువగా ఉందనుకోవడం పొరపాటు. అందుకే వైద్యులు క్లోనిడిన్ వంటి మందుతో గ్రంథిని కదిలించి, రెండు గంటల దాకా విడతలవారీగా రక్తం తీసి చూస్తారు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసేది తర్వాతి మెట్టు. హార్మోన్ అణువుకు రెండు పక్కలా పట్టు ఉంటుంది, అవి ఒకేలా ఉండవు. బలమైన పక్కతో కణం పైనున్న ఒక గ్రాహకాన్ని పట్టుకుంటుంది, రెండో పక్కతో దాని జతగాణ్ణి పట్టుకుంటుంది. ఒక అణువు, రెండు గ్రాహకాలు: 1992లో స్ఫటిక చిత్రం ఈ అమరికను కళ్ళకు కట్టింది. ఆ జంట సరైన భంగిమలోకి వచ్చినప్పుడే కణం లోపల సంకేతం మొదలవుతుంది. ప్రయోగశాలలో హార్మోన్‌ను మితిమీరి పోస్తే ఒక్కో గ్రాహకాన్నీ వేరువేరు అణువు ఆక్రమించి, జంట కుదరక సంకేతం తగ్గిపోయింది. ఈ కిటుకుతోనే ఒక మందు పుట్టింది. రెండో పక్క పట్టు చెడగొట్టిన హార్మోన్ అది, పేరు పెగ్విసోమాంట్. హార్మోన్ ఎక్కువై బాధపడే వాళ్ళలో ఆ గ్రాహకాలను ఊరికే ఆక్రమించి కూర్చుంటుంది.

కాలేయం ఈ సంకేతాన్ని అందుకుని ఐజీఎఫ్-1 అనే రెండో హార్మోన్‌ను తయారుచేస్తుంది. రక్తంలో మోసుకెళ్ళే ప్రోటీన్లు దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి గనక అది తొందరగా తరిగిపోదు. నిమిషాల్లో వచ్చిపోయే అల ఇక్కడ రోజంతా నిలిచే మట్టంగా మారుతుంది.

ఇక ఈ హార్మోన్లు పనిచేసే అసలు కర్మాగారం. పొడవాటి ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్ అనే మృదులాస్థి పొర ఉంటుంది. కాలి పొడవులో పెద్ద వాటా మోకాలి పైనా కిందా ఉన్న ప్లేట్లదే. పొర పైభాగంలో నిల్వ కణాలు మేలుకుంటాయి. వాటి కింద చదునైన కణాలు విభజన చెందుతూ, రూపాయి బిళ్ళలు పేర్చినట్టు నిలువు వరుసలు కడతాయి. ఇంకా కిందికి వచ్చాక విభజన ఆపి ఉబ్బుతాయి. ఒక్కో కణం పరిమాణం సుమారు పదింతలవుతుంది, అదీ ఎక్కువగా నిలువునా. మనకు వచ్చే ఎత్తులో ఎక్కువ భాగం ఈ ఉబ్బుదలదే. చివరికి చుట్టూ ఉన్న పదార్థంలో సున్నం చేరుతుంది, రక్తనాళాలు చొచ్చుకొస్తాయి, ఎముక కణాలు వచ్చి ఆ మూసలో ఎముక పోస్తాయి. అంటే ఎముకను ఏదీ లాగదు. మృదులాస్థి ముందు జాగా చేస్తుంటే ఎముక వెనకాలే నింపుకుంటూ వస్తుంది. కడ్డీకి వేలాడితే సాగేది వెన్నుపూసల మధ్య మెత్తలు మాత్రమే. పొద్దున లేచేసరికి అందరమూ ఒక సెంటీమీటరు ఎక్కువే ఉంటాం, సాయంత్రానికి తగ్గుతాం.

యుక్తవయసు ముగిసేసరికి ఈ ప్లేట్లు ఎముకగా మారి మూసుకుపోతాయి. మూసేది ఈస్ట్రోజన్, మగపిల్లల్లో కూడా. ఆ సంకేతాన్ని అందుకునే గ్రాహకం పనిచేయని ఒక యువకుడి సంగతి 1994లో వైద్య పత్రికలో వచ్చింది. 28 ఏళ్ళు, 204 సెంటీమీటర్ల ఎత్తు, ప్లేట్లు తెరిచే ఉన్నాయి, ఇంకా పెరుగుతున్నాడు. టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉంది! మూసుకున్నాక హార్మోన్ ఎక్కించుకుంటే పెరగడానికి పొడవు వైపు దారి లేదు. అతిగా ఉంటే దవడ, చేతులు, పాదాలు మందమవుతాయి. ఉంగరం ఇరుకవుతుంది, చెప్పు కొలత మారుతుంది.

ఈ హార్మోన్ వయసును వెనక్కి తిప్పుతుందన్న మరో నమ్మకానికి 1990లో 60 ఏళ్ళు దాటిన మగవాళ్ళపై జరిగిన ఒక చిన్న పరిశోధన ఊతమిచ్చింది. కొవ్వు తగ్గి కండ బరువు పెరిగిన మాట నిజమే. తర్వాత జరిగిన పరీక్షల్లో బలం మాత్రం పెరగలేదు. ఆ బరువులో నీరూ కలిసి ఉంటుంది. వాపులు, కీళ్ళ నొప్పులు, రక్తంలో చక్కెర పెరగడం వెంట వచ్చాయి.

హార్మోన్ నిజంగా లోపించిన పిల్లల విషయం వేరు. జంతువుల గ్రంథుల నుంచి తీసింది మనిషికి పనిచేయలేదు. 1958 నుంచి మృతదేహాల గ్రంథుల నుంచి తీసి వాడారు. దానివల్ల కొందరికి మెదడును తినేసే క్రూట్స్‌ఫెల్ట్-జాకబ్ వ్యాధి సోకిందని 1985లో తేలింది. బ్యాక్టీరియాలో తయారుచేసిన హార్మోన్‌కు అమెరికాలో అదే ఏడు అనుమతి వచ్చింది. దాన్ని రోజూ రాత్రి పడుకునే ముందు తొడకో పొట్టకో చర్మం కింద ఇస్తారు, నిద్రలో వచ్చే విడతకు దగ్గరగా. ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు పెరగడమే కష్టమైన పిల్లలు మొదటి ఏడాదిలో పది దాకా పెరగడం చూస్తాం. ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు. ప్లేట్లలో ఇంకెంత కాలం మిగిలి ఉందో ఎడమ చేతి, మణికట్టు ఎక్స్‌రే చెబుతుంది. తోటివాళ్ళ కంటే బాగా వెనకబడ్డ పిల్లవాణ్ణి వైద్యుడికి చూపించాల్సింది ఆ కాలం ఉండగానే.