వాక్కులేని ప్రతిజ్ఞ: రఘుపతి సూర్యప్రకాశుని భీష్మపాత్ర

భరతముని యభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు తెఱగులుగ విభజించి, వానిలో వాక్కును నాట్యమునకు శరీరమని నిర్దేశించెను. ఆ శరీరము లేకయే నాట్యము నిలుచునా యను ప్రశ్న ఆలంకారికులకు గలుగలేదు. కలుగవలసిన యవసరమును లేకుండెను. యంత్రము దానిని గల్పించినది. 1895 మొదలు ముప్పదియేండ్లకు పైగా లోకమున తెరపై నాడిన బొమ్మలు మాటలాడలేదు. ఆ కాలమున తెలుగింట బుట్టి, మాటలేని నటనమునకు బూనినవారిలో రఘుపతి సూర్యప్రకాశుడు మొదటివారిలో నెన్నదగినవాడు. ఆయన ధరించిన పాత్ర భీష్ముడు. చిత్రము 1921లో మదరాసున నిర్మింపబడిన 'భీష్మప్రతిజ్ఞ'. ప్రతిజ్ఞ యనగా వాక్కు. వాక్కులేని కళలోనికి వాక్కే ప్రాణమైన కథను దెచ్చుట సాహసమా, అవివేకమా యనునది విమర్శింపదగిన విషయము.

సూర్యప్రకాశుని తండ్రి రఘుపతి వెంకయ్యనాయుడు మచిలీపట్టణమున జన్మించి, మదరాసు చేరి, ఛాయాచిత్రకారుడుగ పేరొందినవాడు. 1910 ప్రాంతమున నాతడు తన ఛాయాచిత్రశాలను కుదువబెట్టి, ఫ్రెంచిదేశపు గోమో కంపెనీవారి క్రోనోమెగాఫోను యంత్రమును గొనెను. తెరపై బొమ్మ యాడుచుండగా ప్రక్కను గ్రామఫోను పలక తిరిగి, రెండును సరిపడునట్లు శబ్దమును వినిపించు సాధనమది. విక్టోరియా పబ్లిక్ హాలున దానిని ప్రదర్శించి, పిదప ఆంధ్రదేశమునను, సింహళమునను, బర్మాలోను ద్రిప్పెను. మౌంటురోడ్డు ప్రాంతమున నాతడు గట్టించిన గెయిటీ, భారతీయుడొకడు మదరాసున నిర్మించిన తొలి చలనచిత్రశాల. క్రౌను, గ్లోబు అను శాలలు తరువాతివి. ఇట్లు తండ్రి శబ్దముతో ప్రారంభింపగా కుమారుడు మౌనముతో ప్రారంభించెను. దీనిని వింతగ జెప్పి విడుచుట చరిత్రకారులకు పరిపాటి. వింత యేమియు లేదు. ఆనాటి పలకలోని శబ్దము కొలదినిముషములలో ముగియును. అది పాటకు జాలును గాని యాఖ్యానమునకు జాలదు. కథ కావలెనన్నచో మౌనమే శరణ్యము.

వెంకయ్య కుమారుని ఇంగ్లాండునకు బంపి, బార్కరు చిత్రనిర్మాణశాలయందు విద్య గఱపించెను. జర్మనీలోని పద్ధతులను గూడ జూచివచ్చిన సూర్యప్రకాశుడు తండ్రితో గూడి 'స్టార్ ఆఫ్ ది ఈస్ట్' అను సంస్థను పురసవాకమున స్థాపించెను. ఈ విద్య నటునకంటె యంత్రజ్ఞునకు జెందినదని యాక్షేపింపవచ్చును. కాని నాటి పటలము ఎఱుపును నలుపుగను, నీలమును తెలుపుగను గ్రహించునది. పెదవికి బూసిన లత్తుక మసివలె గనబడును. రంగస్థలముపై మన నటులు నేర్చిన ఆహార్యమంతయు నచట విపరీతఫలము నిచ్చును. కావున పటలము స్వభావ మెఱుగనివాడు ముఖమునకు రంగు పూసికొనుటయు నెఱుగడు. యంత్రవిద్యయే యచట అభినయవిద్యలో సగము. కాకినాడలో 'మార్కండేయ' మూకచిత్రమును దీసిన చిత్తజల్లు పుల్లయ్యకును మొదటి శిక్షణ మీ శాలయందే లభించినది.

ఇక ప్రేక్షకుని సంగతి. బందరు, గుడివాడ, దివిసీమల ప్రేక్షకుడు నాటకమును జెవితో జూచువాడు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ ఉన్నతపాఠశాలయందు పండితుడుగ నుండిన దినములవి. తిరుపతి వేంకటకవుల పాండవనాటకముల పద్యములు బండితోలువాని నోటను నాడుచుండెను. పద్యము రక్తి కట్టినచో నటుడు మఱల మఱల పాడవలసినదే. కథ యంతదనుక నిలిచి వేచియుండును. దివితాలూకా కూచిపూడిలోని భాగవతులు నృత్తమునందు నిష్ణాతులయ్యు వాచికమును విడువలేదు. సత్యభామ వేషధారి తానే పాడును, తానే మాధవితో సంభాషించును, పిదప దానినే హస్తములతో జూపును. మొవ్వ క్షేత్రయ్య పదమునకు పట్టు అభినయమైనను మాటను విప్పుటకే గాని మాటను మానుటకు గాదు. ఇట్టి సంస్కారముగల జనమునకు పెదవి కదలియు పలుకు వినబడని భీష్ముడు ఎంత యపరిచితుడో యూహింపవచ్చును. దక్షిణదేశపు డేరాలలో తెర ప్రక్క నొకడు నిలుచుండి, నడుమ నడుమ వచ్చు అక్షరపటములను జదువరానివారికై బిగ్గరగ జదువుచు, తన చతురోక్తులను గూడ జేర్చుచుండువాడు. నటుని నోట నుండి వెడలగొట్టబడిన వాచికము కూలికి వచ్చిన చదువరి నోట బ్రవేశించెనన్నమాట.

ఇపుడు కథను విచారింపవలెను. ఆదిపర్వమునందలి యీ యుపాఖ్యానమున రెండు ఖండములు గలవు. మొదటిది గంగాశంతనులది. తన చేతలను గూర్చి యడుగరాదని గంగ నియమము విధించును, ఏడుగురు శిశువులను నీట విడుచుచుండగా రాజు పలుకకుండును, ఎనిమిదవమాఱు పలుకును, పలికినంతనే భార్య నెడబాయును. ఇచట మౌనమే కథావస్తువు. మాటాడరాని రాజును మాటాడలేని చిత్రమున జూపుట కంటె నుచితమైన సంఘటన మెద్ది? సంభాషణచిత్రములందు శంతనుని మౌనము ఒక పాత్ర మౌనము మాత్రమే. మూకచిత్రమునం దది కళ యొక్క మౌనముతో నేకమగును. ఈ చిత్రమున గంగ పాత్ర పెగ్గీ కాస్టెల్లో యను పరదేశనామధారిణికి లభించినది. స్త్రీపాత్రలను పురుషులే ధరించు రంగస్థలమునకు అలవడిన దేశమున నిదియు నొక విశేషమే. ఆమె కాంధ్రభాష వచ్చునా యను చింత యక్కఱ లేకపోవుట మౌనము చేసిన మఱియొక యుపకారము.

రెండవ ఖండమునందే చిక్కు. దేవవ్రతుడు దాశరాజు నెదుట రాజ్యము నొల్లనని పలుకును. నీకు బుట్టబోవు కుమారులు పలుకుదురేమో యని దాశరాజు సందేహింపగా బ్రహ్మచర్యమును బూనును. మొదటి ప్రతిజ్ఞకు రెండవ ప్రతిజ్ఞ తర్కబద్ధమైన యుత్తరము. తర్కమును చేతిసైగతో జూపరాదు. అక్షరపటము దానిని దెలుపును గాని, యక్షరములు కనబడినంతసేపు నటుడు కనబడడు. అనగా ప్రతిజ్ఞ జరుగు క్షణమున ప్రతిజ్ఞ చేయువాడు తెరపై లేడు. సాత్త్వికభావములు ఎనిమిదింటిలో స్వరభేదము శబ్దము లేమిచేతను, వైవర్ణ్యము రంగులేమిచేతను మొదటనే నష్టము. రోమాంచమును గెమెరా మిక్కిలి చేరువకు రానిదే గ్రహింపజాలదు. భీష్మునకు దగినది స్తంభమొక్కటే, కదలకుండుట. చలనచిత్రమున కదలకుండువాడు నాయకుడగుట యెంత కష్టమో చెప్పనక్కఱలేదు.

అయినను దీని నవివేకమనుటకు వలనుపడదు. వ్యాసుడు గాని, నన్నయ గాని ప్రతిజ్ఞ యొక్క భీషణత్వమును ప్రతిజ్ఞావాక్యమునందే నిలుపలేదు. దేవతలు పుష్పవృష్టి గురియుటయు, భీష్ముడను పేరు వెలయుటయు ద్వారా దానిని నిరూపించిరి. పలికినవానికంటె విన్నవారియందు దాని బలము గోచరించును. మూకచిత్రమునకు సహజమైన యుపాయ మిదియే: పలుకు ముఖమును విడిచి విను ముఖమును జూపుట, దాశరాజు కన్నులను, వెంటవచ్చిన వృద్ధక్షత్రియుల నిశ్చేష్టతను, తిరిగివచ్చిన కుమారు నెదుట దల యెత్తలేని తండ్రిని జూపుట. ఈ యుపాయము రంగస్థలమునకు లేదు. చెవికి బానిసయైన పద్యనాటకమునకు అసలే లేదు. కావున కథ యెన్నిక సాహసమే గాని యవివేకము గాదు. మాటలు వచ్చిన పిదప మన పౌరాణికచిత్రములలో విను ముఖము వెనుకబడి పలుకు ముఖమే ముందునకు వచ్చుట కళకు గలిగిన లోపము. 1962లో వెలువడిన 'భీష్మ'యందు గుడివాడసీమ నిమ్మకూరువాడైన నందమూరి తారకరామారావు ఆ పాత్రను ధరించెను. ఆతని కంఠము పాత్రకు సగము బలము. సూర్యప్రకాశునకు ఆ సగమును లేదు, ఉన్నదానితోనే నిలువవలసివచ్చెను.

'భీష్మప్రతిజ్ఞ'ను తొలి తెలుగుచిత్రమనుట యాచారమైనది. అందలి మౌనమున కే భాషయని పేరిడవలెను? మదరాసున దీయబడి, చెన్నపురిరాజధాని యంతటికిని ఉద్దేశింపబడిన చిత్రమది. తమిళచరిత్రకారులును దానిని దమదిగ నెన్నుదురు. ఈ యుభయస్వామ్యము నందు దోషము లేదు. 1931లో 'కాళిదాసు', 1932లో 'భక్తప్రహ్లాద' వచ్చిన పిమ్మటనే నటుడు ఏదో యొక భాషకు జెందవలసినవాడయ్యెను. అటుపై సూర్యప్రకాశుని పేరు ముఖ్యముగ దర్శకుడుగ వినబడును: తమిళమున 'అనాథై పెణ్' (1938), తెలుగున 'చండిక', 'బారిష్టరు పార్వతీశం' (1940), 'తారాశశాంకం' (1941). 'చండిక'లో నటించినవాడు వాచికాభినయమునకు సార్వభౌముడనదగిన బళ్లారి రాఘవ. మూకనటుడు రాఘవకు దర్శకత్వము వహించుట రెండు యుగముల సమావేశము. మొక్కపాటివారి 'పార్వతీశము' నందలి హాస్యము నాయకుడు తన కథను దాను జెప్పుకొను వాక్యములలో నున్నది. దానిని తెర కెక్కించుట, భీష్ముని ప్రతిజ్ఞను మౌనమున జూపుటవలెనే దుష్కరము.

సూర్యప్రకాశుడు 1956లో మరణించెను. తండ్రి పేర ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1980లో పురస్కారమును నెలకొల్పినది. కుమారుని భీష్ముడు మాత్రము నేడు కనబడడు. నాటి పటలము నైట్రేటుతో జేయబడినది. త్వరితముగ మండును, మండకున్నను బూడిదవలె రాలును. అందలి వెండికై కరగింపబడినవియు ననేకములు. పూనాలో జాతీయచలనచిత్ర భాండాగారము స్థాపితమగునప్పటికి (1964) దక్షిణదేశపు మూకచిత్రములు దాదాపు నశించియుండెను. వానిలో నిలిచినది తిరువాన్కూరు కథయైన 'మార్తాండవర్మ'. నవలా ప్రకాశకులు వేసిన వ్యాజ్యమున చిత్రము జప్తు చేయబడి, ప్రదర్శింపబడక, పెట్టెలో నుండిపోయినది గనుక బ్రతికినది. ఊరూర నాడిన 'భీష్మప్రతిజ్ఞ' కట్టి జప్తు లభింపలేదు.